త్రాసు మామయ్య పద్నాలుగో వరుస

త్రాసు మామయ్యకు ఒకటే జబ్బు. ఏ వస్తువునైనా దాని పక్కన ఇంకొకటి పెట్టకుండా చూడలేడు. అగ్గిపెట్టె కొనాలన్నా రెండు కంపెనీలవి కొని, చెరో పుల్లా గీసి, ఏది ఎంతసేపు వెలిగిందో వాచీలో చూసి, కాగితం మీద గీతలు కొట్టి, గడుల్లో అంకెలు నింపితే గాని ఆయనకు పొయ్యి వెలిగించబుద్ధి కాదు. ఈలోగా రెండు పెట్టెలూ ఖాళీ అయ్యేవి. అప్పుడు మళ్ళీ కొట్టుకు వెళ్ళి, "పట్టిక ప్రకారం ఎర్రబొమ్మది ఇవ్వండి" అనేవాడు.

ఆయన ముప్ఫై మూడేళ్ళు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో ఏ కొట్టువాడి త్రాసైనా ఆయన చేతి సీలు పడ్డదే. పళ్ళెం అడుగున మైనం అంటించినవాణ్ణి గుమ్మంలో నిలబడే పట్టేసేవాడు. అంకెలు వెలిగే కొత్త యంత్రాలు ఆయనకు గిట్టవు. "ఒక్కడే వచ్చి, తన బరువు తనే చెప్పేసుకుంటే ఎలా నమ్మమంటారు? రెండు పళ్ళేలుంటే పక్కవాడే సాక్షి" అనేవాడు. నాలుగు ఊళ్ళు తిరిగినవాళ్ళెవరైనా ఈ మాట కొట్టిపారెయ్యలేరు. ఎవరి ఊరి నీళ్ళు వాళ్ళకు తియ్యగానే ఉంటాయి, ఇంకో ఊరి నీళ్ళు గొంతు దిగేదాకా. అయితే ఇంత మంచి సిద్ధాంతాన్ని నీళ్ళ దగ్గరా, నిత్యావసర సరుకుల దగ్గరా ఆపి ఉంటే ఆయన ఒక సాధారణ పెన్షనరుగా బతికిపోయేవాడు. మామయ్య దాన్ని తల దాకా తీసుకెళ్ళాడు.

ఆయన వీధికి అటొక సెలూనూ ఇటొక సెలూనూ ఉండేవి. మొదట ఎడమపక్క సెలూన్లో కూర్చుని తల ఎడమ సగం కత్తిరించుకునేవాడు. తరవాత మెడకు చుట్టిన గుడ్డతోనే లేచి, రోడ్డు దాటి, కుడిపక్క సెలూన్లో మిగతా సగం ఇచ్చేవాడు. సగం తల నున్నగా, సగం తల పొదలా, మెడలో గుడ్డ ఎగురుతూ ఆయన రోడ్డు దాటే ఆ అరనిమిషం లారీలు కూడా వాటంతటవే ఆగిపోయేవి. కొత్తవాళ్ళెవరైనా నోరు తెరిస్తే, "కంగారు పడకండి, పోలుస్తున్నారంతే" అని రెండు సెలూన్లవాళ్ళూ సర్దిచెప్పేవారు. పన్నెండేళ్ళు పోల్చినా ఎవరు మెరుగో తేలలేదు. "ఈ నెల ఆయన మీకంటే ఒక పిసరు ముందున్నాడు" అని ఒకరి చెవిన వేస్తే చాలు, ఆ నెలంతా ఆ షాపులో కత్తెర నూరుతున్న చప్పుడు వినిపించేది.

పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "ఒకర్ని చేసుకుంటే పోల్చడానికి వీల్లేదు. ఇద్దర్ని చేసుకుంటే చట్టం ఒప్పుకోదు. గవర్నమెంటు ఉద్యోగం కదండీ మనది."

ఈ వ్యవహారమంతా ఆయన మేనకోడలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాలుగేళ్ళు మామయ్య ఇంట్లోనే ఉంది. ఆ నాలుగేళ్ళూ ప్రతి ఉదయం రెండు కప్పుల టీ తాగి, దేనికెన్ని మార్కులో చెప్పి గాని పనికి వెళ్ళలేదు. "రెండూ ఒకేలా ఉన్నాయి మామయ్యా" అంటే, "సరిగ్గా తాగలేదు నువ్వు" అని మళ్ళీ రెండు కప్పులు పోసేవాడు.

రెండేళ్ళ క్రితం ఆమె మకాం మార్చింది. "స్నేహితురాలితో కలిసి ఉంటాను మామయ్యా. షాపు దగ్గర" అంది. స్నేహితురాలు సిటీ బస్సు డ్రైవరు. మున్సిపాలిటీ వాళ్ళిచ్చిన క్వార్టర్సులో రెండో అంతస్తు. కలిసి ఉంటానన్న మాట అక్షరాలా నిజం. ఆ మాట అసలు బరువెంతో మాత్రం మేనకోడలు చెప్పలేదు. వాళ్ళిద్దరూ ఒకర్నొకరు ప్రేమించుకున్నారు, మొగుడూ పెళ్ళాలు ఎలా కాపురం చేస్తారో అలాగే చేస్తున్నారు. గ్యాసు బండ ఎవరు మొయ్యాలన్న దాని మీద వారానికోసారి పోట్లాటతో సహా. మామయ్య అప్పుడు అడిగింది ఒక్కటే: "ఇల్లు చూశావు సరే, పక్కిల్లు కూడా చూశావా?"

అలా ఉండగా ఒకరోజు క్వార్టర్సు తలుపుకి నోటీసు అంటించి పోయారు. ఉద్యోగి, ఉద్యోగి భర్త లేక భార్య, పిల్లలు, తల్లిదండ్రులు తప్ప వేరెవరూ నివసించరాదు. అనధికార నివాసి రెండు నెలల్లోగా ఖాళీ చేయనిచో కేటాయింపు రద్దగును. డ్రైవరమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, అన్నానికి కూర్చుంది.

"ఏయ్ అనధికార నివాసీ, ఆ ఉప్పు అందుకో."

"నవ్వకే. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

"నవ్వక ఏం చేయమంటావ్? నేను ఇల్లు వదిలేస్తే డిపోకి రెండు బస్సులు మారాలి. బస్సు నడపడానికి బస్సెక్కి వెళ్ళాలి. నువ్వు ఇల్లు వదిలేస్తే నేనిక్కడ గోడలతో మాట్లాడుకోవాలి."

ఈ రూలు మార్చే అధికారం కౌన్సిల్‌ది. ఇద్దరు ఆడవాళ్ళు గానీ ఇద్దరు మగవాళ్ళు గానీ జంటగా ఉంటే వాళ్ళనూ కుటుంబంగానే లెక్కించాలన్న తీర్మానం మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నలుగురు అటు, నలుగురు ఇటు. సమానమైతే తీర్మానం వీగినట్టే. తొమ్మిదో సభ్యుడు మూడుసార్లూ హాల్లో లేడు. ఇప్పుడు అయిదు వారాల్లో ఎన్నికలు. వార్డులు కలిపేసి సీట్లు తగ్గించడంతో వీళ్ళ పేటలో ఇద్దరు పాత సభ్యులు ఒకే సీటుకు పోటీపడుతున్నారు. ఒకరు డాక్టరుగారు. రెండో ఆయన కలప డిపో ఆసామి.

ఎన్నికలనగానే మామయ్య చేతికి పెన్సిలు వస్తుంది. ప్రతిసారీ అభ్యర్థుల్ని చెరో గడిలో పెట్టి, పదమూడు వరుసల్లో తూచి, ఆ పట్టికను రెండు సెలూన్లలోనూ అద్దం పక్కన తగిలించేవాడు. మురుగు కాలవలు, వీధి దీపాలు, లైబ్రరీ, వీధి కుక్కలు, మీటింగుల్లో నిద్ర, ఇలా. గెడ్డం గీయించుకునేటప్పుడు మనిషికి ఎటూ కదలడానికుండదు కాబట్టి పేటలో మగవాళ్ళందరూ దాన్ని చదివినవాళ్ళే. ఇంటికెళ్ళి ఆడవాళ్ళకు చెప్పినవాళ్ళే.

ఆ ఆదివారం మేనకోడలు వెళ్ళేసరికి బల్ల మీద కొత్త పట్టిక ఉంది. కింద కొత్తగా ఒక వరుస. "14. గే, లెస్బియన్ల హక్కులు: ఎవరేం చేశారు." ఆమె టీ కప్పు పట్టిక పక్కన పెట్టింది.

"ఇదేంటి మామయ్యా కొత్తగా?"

"ఏది?"

"ఇదే. పద్నాలుగోది."

"అదా. మున్సిపాలిటీ చేతిలో ఉన్న పనేగా అది. లేదనుకో, కొట్టేద్దాం. ఉంది మరి."

"నిన్నెవరు అడిగారు?"

"వీధి కుక్కల వరుస కూడా ఎవరూ అడగలేదు. కుక్కలు అసలే అడగలేదు."

"జనం ఏమనుకుంటారు?"

"జనం ఏమనుకుంటారన్న దానికి వరుస లేదు. కావాలంటే పదిహేనోది గీస్తాను."

ఆమె ఇంటికొచ్చి డ్రైవరమ్మాయికి చెప్పింది. "మీ మామయ్యకి తెలుసేమోనే" అంది డ్రైవరమ్మాయి. "తెలిస్తే అడగడూ? సబ్బుబిళ్ళ గురించి ముప్పావుగంట మాట్లాడే మనిషి నా గురించి ఒక్క మాట అడక్కుండా ఉంటాడా?" అంది మేనకోడలు. ఆమె భయం వేరే ఉంది. ఆ వరుస చూసినవాళ్ళు కారణం వెతుకుతారు. వెతికితే ఎంతో దూరం పోనక్కర్లేదు, క్వార్టర్సు రెండో అంతస్తు దాకా వస్తే చాలు. అప్పుడు నోటీసు సంగతి దేవుడెరుగు, కళ్ళద్దాల షాపు ఓనరు ఏమంటాడో, ఊళ్ళో అమ్మ ఏమంటుందో.

మామయ్య మాత్రం తొమ్మిది రోజులు మున్సిపల్ ఆఫీసు రికార్డు గదిలో కూర్చున్నాడు. అక్కడి గుమాస్తాకు ఆనందబాష్పాలొక్కటే తక్కువ. "ఈ మినిట్స్ పుస్తకాలు ఎవరూ చదవరండీ. నిజం చెప్పొద్దూ, రాసినవాళ్ళం మేమూ చదవం" అన్నాడు. పాత పుస్తకాలు తెరిస్తే చరిత్ర తెలుస్తుందంటారు గాని, మున్సిపాలిటీ పుస్తకాల్లో ముందు తెలిసేది ఎవరు ఎప్పుడు బయటికి వెళ్ళారన్నది. మామయ్య దాన్నే వెతికాడు.

తరవాత ఇంటర్వ్యూలు. ఇద్దర్నీ ఒకే రకమైన పరిస్థితుల్లో తూచాలి గదా. కాబట్టి ఇద్దరికీ బుధవారమే, ఒకే గంట, ఒకే చొక్కా. మొదటి బుధవారం పది గంటలకు కలప డిపోకి వెళ్ళాడు. తోడుకి మేనకోడల్ని పిలిచాడు. వద్దనడానికి ఆమెకు కారణం దొరకలేదు. డిపోలో రంపం హోరు.

"గే, లెస్బియన్ల విషయంలో మీ అభిప్రాయం ఏమిటండీ?" అని అరిచాడు మామయ్య.

"నాకు అభిప్రాయాల్లేవండీ, లారీలున్నాయి!" అని ఆసామి అంతకంటే గట్టిగా అరిచాడు.

"మరి మూడుసార్లు తీర్మానానికి చెయ్యెత్తారే?"

ఆసామి రంపం ఆపించాడు. "అదిగో, ఆ మూల దుంగ కోస్తున్నారే, ఆ ఇద్దరూ పన్నెండేళ్ళుగా ఒకే గదిలో కాపురం. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడి రంపం వంకర పోతుంది, దుంగ నాశనం. కలిసుంటే కోత తిన్నగా వస్తోంది. నాకింకేం కావాలి? ఎవరి గదిలో ఎవరుంటే మనకెందుకండీ, కప్పు కారకుండా చూడాలి గానీ."

"మరి రెండేళ్ళ కింద మీటింగులో వాళ్ళ మీద ఒక వెకిలి జోకు వేశారు. మినిట్స్‌లో ఉంది."

ఆసామి చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అది తప్పేనండీ. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ నాతో మాట్లాడలేదు. రాసుకోండి."

"రాశాను. మైనస్ రెండు."

"ఒకటి చేద్దురూ."

"బేరాల్లేవు" అన్నాడు మామయ్య. అని రంపపు పొట్టుకి పద్నాలుగు తుమ్ములు తుమ్మాడు.

తరవాతి బుధవారం పది గంటలకు డాక్టరుగారి గది. మామయ్య కూర్చోగానే జేబులోంచి పొట్లం తీశాడు. అందులో చిటికెడు రంపపు పొట్టు. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మడం మొదలుపెట్టాడు. డాక్టరుగారు స్టెతస్కోపు అందుకోబోతే మేనకోడలు ఆపింది. "జబ్బు కాదండీ. అక్కడ తుమ్మారని ఇక్కడా తుమ్ముతున్నారు."

డాక్టరుగారిది చక్కటి మాట. గోడ మీద ఆయన ఫొటోలు: స్వలింగ ప్రేమికుల ఊరేగింపుకి రిబ్బను కత్తిరిస్తూ, ఇంద్రధనుస్సు రంగుల బ్యాడ్జీతో నవ్వుతూ. "ప్రేమకు హద్దుల్లేవు ఇన్‌స్పెక్టరుగారూ" అన్నాడు.

"చాలా బాగుందండీ. ఇద్దరు మగవాళ్ళకు పెళ్ళి విందుకి మున్సిపల్ హాలు ఇవ్వనంటే మీరు ఉత్తరం రాశారు. హాలు ఇప్పించారు. ప్లస్ మూడు. డిపో ఆయన ఆ జంట పెట్టుకున్న అర్జీకి జవాబే ఇవ్వలేదు, సున్నా. ఇక క్వార్టర్సు తీర్మానం. మొదటిసారి ఓటింగప్పుడు మీకు ఫోనొచ్చింది. రెండోసారి పేషెంటు. మూడోసారి మంచినీళ్ళు."

"అన్నీ యాదృచ్ఛికమండీ. మనసా వాచా నేను వాళ్ళ పక్షమే."

"వాచా సరేనండీ, రాసుకున్నాను. మనసుకి గడి లేదు. మినిట్స్ పుస్తకంలో ఉన్నది గైర్హాజరు."

పట్టిక సెలూన్లలోకి ఎక్కింది. మొత్తం మీద ఇద్దరికీ పెద్ద తేడా లేదు. కాలవల్లో డాక్టరుగారు ముందు, వీధి దీపాల్లో డిపో ఆసామి. పద్నాలుగో వరుసలో మాత్రం డాక్టరుగారి గడి నిండా ఎర్ర పెన్సిలు: "మాట: 3. ఉత్తరం: 3. చెయ్యి: 0, 0, 0."

రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు మేనకోడలు నేరుగా ఎడమ సెలూన్‌కి వెళ్ళింది, ఆ వరుస చింపేయమని కాళ్ళావేళ్ళా పడదామని. మామయ్య కుర్చీలో ఉన్నాడు, ఎడమ సగం పూర్తయింది. ఆమె నోరు తెరిచేలోగా డాక్టరుగారు లోపలికొచ్చాడు. మనిషి మొహం జేవురించి ఉంది.

"ఇరవై ఏళ్ళ పేరు నాది. మీ పెన్సిలుతో పోగొడతారా?"

"తప్పుంటే చూపించండి, ఇప్పుడే దిద్దుతాను" అన్నాడు మామయ్య అద్దంలోంచి.

"తప్పని కాదు. అసలు ఈ వరుస ఎందుకొచ్చిందో చెప్పండి. ఎన్నడూ లేనిది ఇప్పుడే ఎందుకు? మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అలాంటివాళ్ళు?"

బెంచీ మీద పేపరు చదువుతున్న పాల డిపో ఆయన పేపరు దించాడు. "అన్నట్టు ఇన్‌స్పెక్టరుగారూ, మీ అమ్మాయి ఆ క్వార్టర్సులో ఎవరో..." అంటూ మేనకోడలి వైపు తిరిగాడు.

మామయ్య లేచి నిలబడ్డాడు. సగం తల, మెడలో గుడ్డ.

"ఉన్నారు" అన్నాడు.

"ఎవరు?"

"నేనే."

సెలూన్ ఆయన చేతిలో కత్తెర జారి కిందపడింది. వాచీ చూడకుండా టైమెంతో చెప్పని మనిషి, తూచకుండా కాకరకాయను కాకరకాయ అనని మనిషి, ఏ ఆధారమూ లేకుండా చెప్పిన మొదటి మాట అది.

"మీరా?" అన్నాడు పాల డిపో ఆయన.

"అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, పెళ్ళి లేదు. పన్నెండేళ్ళుగా ఇద్దరు మగవాళ్ళ చేతుల్లో తల పెడుతున్నాను. ఇంకా ఏం కావాలి మీకు? రాసుకోండి." అని గుడ్డ సర్దుకుని, మిగతా సగం కోసం రోడ్డు దాటాడు. లారీలు ఆగాయి.

మేనకోడలు వెనకే పరుగెత్తింది. కుడి సెలూన్ ఆయన నీళ్ళు తేవడానికి లోపలికెళ్ళాక అడిగింది. "ఎందుకలా అన్నావ్ మామయ్యా? అది అబద్ధం కదా?"

"నువ్వు తూచావా?"

"మామయ్యా!"

"చూడమ్మా. ఆ గడి ఖాళీగా ఉంటే జనం తలా ఒక పేరు రాస్తారు. నా పేరు రాసేస్తే నిండిపోతుంది. ఇంకెవరి పేరూ పట్టదు."

ఆయన అద్దంలో తన చెవులు రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకుంటున్నాడు. మామయ్యకు తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. అడగలేదంతే.

వార్త సాయంత్రానికల్లా పేటంతా తిరిగింది. మామయ్య ఖండించలేదు. దానికీ ఒక పట్టిక వేశాడు: పలకరించడం మానేసినవాళ్ళు నలుగురు, కొత్తగా పలకరించినవాళ్ళు ఏడుగురు. ఎడమ సెలూన్ ఆయన కుడి సెలూన్ ఆయన్ని, "నీతో ఏమైనా చెప్పాడా?" అని నిలదీశాడు. వెనక వీధిలో ముప్ఫై ఏళ్ళుగా అన్నదమ్ములమని చెప్పుకుంటూ ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు ముసలాయనలు ఒక మధ్యాహ్నం వచ్చారు. చెరో రెండు కప్పుల టీ తాగి, మార్కులు కూడా వేసి వెళ్ళారు. మర్నాడూ వచ్చారు.

ఎన్నికల్లో డాక్టరుగారే గెలిచాడు, నలభై ఒక్క ఓట్ల తేడాతో. కలప డిపో ఆసామి ఎదురైతే, "ఆ మైనస్ రెండు ఒకటి చేసుంటే గెలిచేవాణ్ణి" అని నిష్ఠూరమాడాడు. మేనకోడలికి అన్నం సయించలేదు. నోటీసు గడువు ఇంకా ఇరవై రోజులుంది. కొత్త కౌన్సిల్లో ఏడుగురు. ఆరుగురిలో ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. ఏడో ఆయన మంచినీళ్ళ మనిషి.

మొదటి మీటింగుకి సందర్శకుల బెంచీ మీద మామయ్య, మేనకోడలు, డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చిన డ్రైవరమ్మాయి కూర్చున్నారు. ఏడో అంశం, క్వార్టర్సు నిబంధన. అధ్యక్షురాలు ఓటింగ్ అనగానే డాక్టరుగారి ఫోను మోగింది. నిజంగానే మోగింది. ఆయన అలవాటు కొద్దీ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

బెంచీ మీద మామయ్య పుస్తకం తెరిచాడు. వాచీ చూశాడు. పెన్సిలు మొన నాలిక మీద తడి చేసుకున్నాడు.

డాక్టరుగారు అలాగే నిలబడిపోయాడు. ఫోను మోగుతూనే ఉంది. ఆయన దాన్ని నొక్కేసి, కూర్చుని, అందరికంటే ముందు చెయ్యెత్తాడు. తీర్మానం నాలుగు మూడుతో నెగ్గింది. బయట విలేకరి అడిగితే, "ప్రేమకు హద్దుల్లేవు" అన్నాడు.

"నీ భయానికి ఎత్తాడు మామయ్యా" అంది డ్రైవరమ్మాయి.

"ఎందుకెత్తాడో త్రాసు అడగదమ్మా. ఎత్తాడు. ప్లస్ మూడు" అని రాసుకున్నాడు.

ముగ్గురూ మామయ్య ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఒకావిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మేనకోడలి తల్లి, మామయ్య చెల్లెలు. పొద్దున్న బస్సుకి బయల్దేరి వచ్చింది.

"పాల డిపో ఆవిడ ఫోన్ చేసింది. ఏంటన్నయ్యా ఇది? ఊరంతా నీ గురించి ఏమనుకుంటోందో తెలుసా?"

"తెలుసు. ఏడుగురు బాగానే, నలుగురు మాత్రం..."

"నోర్ముయ్!"

ఆయన నోరు మూసుకున్నాడు. నిజం చెప్పేయాలన్న ఆలోచనేదీ ఆయన మొహంలో కనబడలేదు, ఇంకో పదేళ్ళయినా ఆ పేరు మోసేట్టున్నాడు. అది చూసి మేనకోడలికి ఆగలేదు. "అమ్మా, మామయ్య కాదు. నేను" అంది. తరవాత నాలుగు మాటల్లో అంతా చెప్పింది. డ్రైవరమ్మాయి టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

తల్లి సంచి ఒళ్ళోంచి దించి పక్కన పెట్టింది. తరవాత అన్నగారి వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళా! అంటే నేను దీనికి తెచ్చిన పదకొండు సంబంధాలూ... మేనమామవి, నీ మాట లేకుండా కుదరదని ఫొటోలన్నీ నీకే పంపాను. వెళ్ళి చూసొచ్చి, ఒకడు సూపు తాగితే చప్పుడొస్తోందన్నావ్. ఒకడి కుడి చెప్పు బయటివైపు అరిగిందన్నావ్. పట్టికలు పంపావ్ నాకు, పట్టికలు! అవన్నీ నాటకమా?"

మామయ్య తల దించుకున్నాడు. "అన్నీ కాదు. తొమ్మిదిమందికి నిజంగానే మార్కులు రాలేదు. ఇద్దరికి మాత్రం... తూకం తప్పాను." ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో ఎవరి ముందూ ఒప్పుకోవాల్సిన అవసరం రాని మాట అది. ఆయన చెవులు రెండూ సమానంగా ఎర్రబడ్డాయి.

మేనకోడలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండిట్లో ఏది ఎక్కువో ఆమె పోల్చి చూడలేదు.

"సరే" అంది తల్లి. "పదకొండు మందిని పోల్చినవాడివి, ఈ అమ్మాయిని ఎవరితో పోల్చావ్? తీసుకురా పట్టిక. చూస్తాను."

"వెయ్యలేదు."

"వెయ్యలేదా? కొబ్బరి చీపురు కొనడానికి వారం తీసుకుంటావ్, దీని జీవితానికి పట్టిక వెయ్యలేదా?"

"గీతలు కొట్టుకుందామనే కూర్చున్నాను, ఆ కిటికీ దగ్గరే" అన్నాడు మామయ్య. "ఇది అప్పుడు ఇక్కడ ఉండేది. సాయంత్రం ఈ అమ్మాయి బస్సే దీన్ని మలుపులో దింపేది. దింపాక బస్సు కదిలేది కాదు. ఇది గుమ్మం దాకా నడిచి, తాళం తీసి, లోపల లైటు వేసేదాకా అలాగే ఆగేది. వెనక హారన్లు కొట్టినా సరే. నెల రోజులు చూశాను, ఒక్కరోజూ తప్పలేదు. ఇంక రెండో గడిలో ఎవర్ని రాయాలో తోచలేదు. కాగితం మడిచేశాను."

తల్లి డ్రైవరమ్మాయిని మొదటిసారి నేరుగా చూసింది.

"అంత పెద్ద బస్సు ఆపేదానివా?"

"ఒక్క నిమిషమేనండీ. తాళం సంచిలో వేసుకుని వెతుక్కుంటుంది, ఓ పట్టాన దొరకదు."

"చిన్నప్పట్నుంచీ అంతే" అంది తల్లి. "మరి బస్సులో జనం తిట్టరూ?"

"తిడతారండీ. రోజూ."

తల్లి సంచి భుజాన వేసుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"తిట్టుకోనీలే" అంది. "తాళం దొరకాలి గదా."